చేత్తో అణువును తిప్పిన కథ: గ్లోబు నుంచి లీప్ మోషన్ దాకా

బైపీసీ చదివిన మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చానా మంది ఒకే మాట అంటారు: "కెమిస్ట్రీలో అణువు బొమ్మలు అర్థం కాలేదన్నా, బట్టీ కొట్టేసినాం." తప్పు వాళ్ళది కాదు. అణువుకి ముందు, వెనక, లోతు ఉంటాయి. బోర్డు మీద గీస్తే ఆ లోతు పోతుంది. నేను ఇంటర్ చదివిన చోట బంతులు, పుల్లలు ఉండే మోడల్ డబ్బా ఒకటి ఉండేది. రెండేళ్ళూ అది బీరువాలోనే, తాళం వేసి.

మొదట్లో సైంటిస్టులు కూడా చేత్తోనే చేసుకునేవాళ్ళు. కేంబ్రిడ్జిలో జాన్ కెండ్రూ 1957లో మయోగ్లోబిన్ ఆకారాన్ని ప్లాస్టిసిన్ ముద్దతో చేసినాడు, పేగుల చుట్ట మాదిరి ఉంటుంది. తర్వాత ఇంకా వివరంగా కట్టిన మోడల్‌కి సుమారు 2,500 కడ్డీలు నిలబెట్టాల్సి వచ్చింది. ఆరడుగుల ఎత్తు, అచ్చం అడవే. లోపలికి చెయ్యి పెట్టేదే కష్టం, ఇంక తిప్పేదెట్ల? మనకి దగ్గర్లో, మద్రాసు యూనివర్సిటీలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో కొల్లాజెన్ మూడు పోగులు పేనిన తాడులా ఉంటుందని చెప్పినారు.

తెర మీద తిప్పే పని 1960ల నడుమ అమెరికాలో ఎంఐటీలో మొదలైంది. సైరస్ లెవింతాల్ అనే ఆయన గది నిండే పెద్ద కంప్యూటర్‌కి ఒక తెర తగిలించి, ప్రోటీన్‌ను గీతలుగా చూపించినాడు. ఆ తెర యంత్రానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'క్లూజ్', అంటే అతుకుల బొంత అనుకోండి. పక్కన గ్లోబు లాంటి ఒక గుండు. దాని మీద చెయ్యి పెట్టి కొంచెం తిప్పితే అణువు మెల్లగా, ఎక్కువ తిప్పితే వేగంగా తిరుగుతుంది. ఇందులో అసలు కిటుకు ఏమంటే, కదలకుండా ఉంటే అది గీతల చిక్కు మాత్రమే. తిరుగుతుంటేనే మన కన్ను ఏది ముందు, ఏది వెనక అని పట్టుకుంటుంది. అందుకే తిప్పడం సోకు కాదు, చూడడంలో సగం అదే. కానీ ఆ యంత్రం ముందు కూర్చునే భాగ్యం ఎంతమందికి?

ఆ కాలంలోనే మన పాత చిత్తూరు జిల్లా కాటూరు నుంచి పోయిన రాజ్ రెడ్డి గారు స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్‌కి మాట వినడం నేర్పిస్తున్నారు. వాళ్ళ ఇంట్లో కాలేజీకి పోయిన మొదటి మనిషి ఆయనే. 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. (మా ఇంట్లో కూడా మొదటిది నేనే, అందుకే ఈ సంగతి నాకు బాగా గుర్తు.)

చవక రోజులు ఆటబొమ్మల వల్ల వచ్చినాయి. 2010 నవంబరులో మైక్రోసాఫ్ట్ కినెక్ట్ అమ్మకానికి పెట్టింది, ధర 150 డాలర్లు. వారం తిరగకముందే దాన్ని మామూలు కంప్యూటర్‌తో కలిపే ప్రోగ్రాం రాసి బయట పెట్టేసినారు. 2013లో లీప్ మోషన్ వచ్చింది, 80 డాలర్లు, అప్పటి లెక్కన 5 వేల రూపాయల లోపే. అగ్గిపెట్టె కంటే కొంచెం పొడుగు. లోపల రెండు కెమెరాలు, మూడు ఇన్‌ఫ్రారెడ్ దీపాలు, అవి వేళ్ళ కదలికను పసిగడతాయి. అదే ఏడాది ఆస్ట్రేలియా పరిశోధకులు చేతి సైగతో, మాటతో ప్రోటీన్లను తిప్పే టూల్‌కిట్ తయారుచేసినారు. చెయ్యి గాల్లో పెట్టుకుంటే కాసేపటికే నొప్పి పుడుతుంది, కాబట్టి మౌస్ పని అయిపోయిందని నేను అనను. క్లాసులో నలుగురికీ చూపించడానికి మాత్రం ఇదే మేలు.

మనకెందుకు ఇదంతా అంటారా? సికిల్ సెల్ జబ్బు ఏజెన్సీలో ఎన్ని ఇళ్ళల్లో ఉందో మీకు తెలుసు. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వచ్చింది, అంతే. 1956లో వెర్నన్ ఇంగ్రామ్ పట్టుకున్న తేడా ఇది. ఆ వాలీన్ పక్క హిమోగ్లోబిన్ గుంతలో పోయి ఇరుక్కుంటుంది. అట్ల ఒకదానికొకటి తగులుకుని పొడుగు దారాలవుతాయి, రక్తకణం కొడవలిలా వంగుతుంది. ఆ గుంత బోర్డు మీద కనపడదు, తిప్పితేనే కనపడుతుంది.

1971లో 7 ఆకారాలతో మొదలైన ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో ఇప్పుడు 2 లక్షలకు పైగా ఉన్నాయి, అన్నీ ఉచితం. సెన్సార్ లేకపోయినా ఫోన్ చాలు. 2హెచ్‌బీఎస్ అని కొట్టి, వేలితో తిప్పుతూ 6వ స్థానం వెతకండి. దొరికినోళ్ళు స్క్రీన్‌షాట్ ఇక్కడ పెట్టండి.