పద్దు లేని మందు

ఇది పొడుగు పోస్టు. మిరప కోతలు నడుస్తుంటే రాత్రుళ్ళు కూర్చొని రాసుకున్నా. నేను డాక్టర్ని కాదు, ఇంటర్‌తో చదువు ఆపేసినోణ్ణి. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటా.

2021 మే నెల మీకందరికీ గుర్తుండే ఉంటది. మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. ఫోన్ తెరిస్తే చావు కబుర్లు. అప్పుడే మా గ్రూపుల్లోకి ఒక వీడియో వచ్చింది. నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య గారని ఒకాయన కరోనాకి ఆకుల మందు ఉచితంగా ఇస్తున్నారు. కారులో పడుకున్న ఒక రిటైర్డ్ హెడ్ మాస్టారు, కళ్ళల్లో చుక్కలు వేయగానే ఆక్సిజన్ పెరిగింది, లేచి కూర్చున్నా అని చెప్తున్నారు. నేను దాన్ని ఆరు గ్రూపులకి పంపించా. కింద ఒక ముక్క కూడా రాశా: "ఇంగ్లీషు మందులోళ్ళు దీన్ని బయటికి రానీయరు చూడండి" అని.

అదే వారం మా బావకి జొరం. అయిదో రోజుకి వేలికి పెట్టే మిషన్లో 91 చూపించింది. మేనల్లుడు ఒంగోలు తీసుకుపోదాం మామా అన్నాడు. ఆస్పత్రికి పోయినోళ్ళు తిరిగి రావట్లేదు, రెండు రోజులు ఆగరా, చుక్కలు తెప్పిస్తున్నా అన్నది నేనే. ఒక కుర్రాణ్ణి బండి మీద పంపించా. 21వ తారీకు వేల మంది ఎగబడటంతో పంపిణీ ఆపేశారు. వాడు ఉత్త చేతుల్తో తిరిగొచ్చాడు. మూడో రోజు పొద్దున మిషన్లో 80 చిల్లర. ఒంగోల్లో ఆరు రోజులున్నాడు బావ. ముందే పోతే బతికేవాడా అంటే ఎవరూ చెప్పలేరు, డాక్టరూ చెప్పలేదు. అక్క నన్ను ఇంతవరకు ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత చాలా రోజులు, టీకాని అంతగా అనుమానించినోణ్ణి ఆ చుక్కల్ని ఒక్క ప్రశ్న కూడా ఎందుకు అడగలేదా అని ఆలోచించా. కొంత పాత చరిత్ర చదివా. మా వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది గదా, 1918లో మొదలైన గ్రంథాలయం. 1918 అంటే ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటి మందికి పైగా పొట్టన పెట్టుకున్న సంవత్సరం. అలాంటి ఏడాది మా ఊళ్ళో కొందరు పుస్తకాలు పోగేసే పని మొదలుపెట్టారు. ఆ సంగతి నాకు యాభై ఏళ్ళు దాటాకే తట్టింది, ఊళ్ళోనే ఉండి.

ముందుగా ఒక మాట. టీకాల మీద మనోళ్ళ అనుమానం ఉత్తి మూఢత్వం అంటే నేనొప్పుకోను. మద్రాసులో ఎల్లిస్ అనే దొర ఉండేవాడు. 1816లోనే తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని రాసిన మనిషి, ఆ విషయంలో మనం దణ్ణం పెట్టాల్సినోడే. మశూచి టీకాని మన జనం ఒప్పుకోవాలని, ధన్వంతరి పేరు పెట్టి ఒక కథ అల్లాడు. ఉద్దేశం మంచిదే. అయినా దేవుడి పేరుతో ఆడిన అబద్ధం అబద్ధమే గదా. మందుని దేవుడి మాటగా చెప్పి అమ్మటం వాట్సాప్‌తో పుట్టిన పని కాదు.

తర్వాత ప్లేగు. హాఫ్కిన్ అనే శాస్త్రవేత్త 1897లో బొంబాయిలో ప్లేగు టీకా తయారుచేసి ముందు తన ఒంటి మీదే వేసుకున్నాడు. 1902 అక్టోబరు 30న పంజాబులో ముల్కోవాల్ అనే ఊళ్ళో 107 మందికి ఆ టీకా వేస్తే 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. అప్పుడు జనం భయపడ్డారంటే తప్పెవరిది? అయితే ఇక్కడ నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. ఆ రోజు వాడిన సీసాలు అయిదు. చనిపోయిన 19 మందీ ఒకే సీసాలోది వేయించుకున్నోళ్ళు. ఆ సీసా నంబరు 53ఎన్. ఎవరికి ఏ సీసాలోది వేశారో పద్దు రాసి ఉంది కాబట్టే ఆ సంగతి బయటపడింది. మూత తీసేటప్పుడు చిమటా నేల మీద పడిందని, దాన్ని సరిగ్గా శుద్ధి చేయకుండానే వాడారని తేలింది. అయినా హాఫ్కిన్ ఉద్యోగం పోయింది. నిర్దోషి అని తేల్చటానికి 1907 దాకా పట్టింది.

ఇంకా దగ్గరికి వస్తే మన ఖమ్మం. 2009 జూలైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా అని టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, మన రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. దాదాపు 14,000 మంది పిల్లలు, చాలామంది గిరిజన హాస్టళ్ళ పిల్లలు. అయిదుగురు చనిపోయారు. టీకా వల్ల కాదని విచారణలో తేలింది. కానీ 2010 ఏప్రిల్లో ఆ కార్యక్రమం ఆపేశారు. 2013లో పార్లమెంటు కమిటీ కాగితాలు తీస్తే, 9,543 అంగీకార పత్రాల్లో 2,763 హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టినవి. కన్నోళ్ళకి చెప్పనే లేదు. టీకా మంచిదే కావచ్చు, ఇవాళ దేశదేశాల్లో వేస్తున్నారు. కానీ పేదోడి బిడ్డకి ఒక మాట అడక్కుండా సూది గుచ్చారు. ఇది గుర్తున్న గిరిజనుడు 2021లో సూది వద్దంటే వాణ్ణి ఎగతాళి చేసే హక్కు మనకెక్కడిది?

కరోనా టీకా సంగతీ అంతే. హైదరాబాదు కోవాగ్జిన్‌కి మూడో దశ ఫలితాలు రాకముందే 2021 జనవరి 3న అనుమతి ఇచ్చారు. దాని మీద పెద్ద పెద్ద డాక్టర్లే ప్రశ్నలు వేశారు. నేను వేయించుకోకుండా కూర్చున్నది మాత్రం ఆ కారణంతో కాదు. నోబెల్ వచ్చిన ఫ్రాన్సు శాస్త్రవేత్త మోంటానియర్ "టీకా వేయించుకున్నోళ్ళు రెండేళ్ళలో పోతారు" అన్నాడని మెసేజి వచ్చింది, అది నమ్మా. ఆయన ఆ మాట అననే లేదు. 5జీ టవర్ల వల్లే జనం చస్తున్నారన్నదీ నమ్మా. మన దేశంలో 5జీ మొదలైంది 2022 అక్టోబరు 1న. బావ పోయేనాటికి ఈ దేశంలో ఆ సిగ్నలే లేదు! ఎవరినైనా అడిగితే నిమిషంలో తేలేది. అడగలేదు.

కృష్ణపట్నం సంగతి న్యాయంగా చెప్పాలి. ఆనందయ్య గారు డబ్బులు తీసుకోలేదు. నెల్లూరు మనిషైన వెంకయ్య నాయుడు గారు అప్పుడు ఉపరాష్ట్రపతి, ఆయుష్, ఐసీఎంఆర్ వాళ్ళతో మాట్లాడి పరిశీలించమన్నారు. మే 31న రాష్ట్ర ప్రభుత్వం పి, ఎల్, ఎఫ్ అనే మూడు రకాలకి ఒప్పుకుంది. కళ్ళ చుక్కలకి ఒప్పుకోలేదు. వాళ్ళు చెప్పిన మాట ఏందంటే, తాగే మందు వల్ల హాని కనపడలేదు, కరోనా తగ్గుతుందనటానికి ఆధారం కూడా లేదు, డాక్టరు మందులు మాత్రం ఆపొద్దు. మనకి వినపడింది "ఒప్పుకుంది" అన్న ఒక్క ముక్కే. ఆ వీడియోలో మాస్టారు తర్వాత నెల్లూరు ప్రభుత్వాసుపత్రిలో చేరారు, ఆ నెలాఖరుకి చనిపోయారు. ఈ కబురు నేను ఎన్ని గ్రూపులకి పంపానో తెలుసా? ఒక్కదానికీ పంపలేదు.

వేల మంది చుక్కలు వేయించుకున్నారు. ఎవరికి ఏ రోజు వేశారు, అప్పుడు ఆక్సిజన్ ఎంత, మూడు రోజులకి ఎంత, పదో రోజుకి ఉన్నారా పోయారా, ఈ నాలుగు గళ్ళ పుస్తకం ముందునుంచీ రాసి ఉంటే ఇవాళ మనకి తెలిసేది. పనిచేసి ఉంటే ఆనందయ్య గారికి ప్రపంచమంతా దణ్ణం పెట్టేది. పద్దు లేదు కాబట్టి బతికినోళ్ళు వీడియోల్లో కనపడ్డారు, పోయినోళ్ళు కనపడలేదు.

డాక్టర్లేమన్నా తక్కువ తిన్నారా అంటారు. నిజమే. రెమ్‌డెసివిర్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులోనే చెప్పినా 2021లో జనం పుస్తెలమ్మి బ్లాకులో కొన్నారు. ప్లాస్మా కోసం పరుగులు తీశారు. అయితే లెక్కలు చూసి, ప్లాస్మా పనిచేయట్లేదని 2021 మే 17న చికిత్సల జాబితాలోంచి వాళ్ళే తీసేశారు. చెన్నై పక్క చెంగల్పట్టులో 1968 నుంచి బీసీజీ టీకాని లక్షల మంది మీద పరీక్షించి, పెద్దోళ్ళ ఊపిరితిత్తుల క్షయని అది ఆపట్లేదని ఐసీఎంఆర్ వాళ్ళే ప్రకటించారు. తమ మందు పనిచేయలేదని తామే చెప్పుకోవటం చిన్న సంగతి కాదు. కరోనిల్ చూడండి. 2020 జూన్లో కరోనాకి మందని విడుదల చేశారు, అదే రోజు ఆయుష్ శాఖ ప్రకటనలు ఆపమంది. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్య మంత్రిని పక్కన కూర్చోబెట్టుకొని మళ్ళీ ప్రచారం చేశారు. తప్పుడు ప్రకటనల కేసులో సుప్రీంకోర్టు గట్టిగా పట్టుకుంటే గానీ 2024లో ఆ కంపెనీ పేపర్లలో క్షమాపణ వేయలేదు.

మనం రైతులం. ఈ మోసం మనకి కొత్తా? 2021లోనే మిరపకి నల్ల తామర పురుగు వచ్చింది. పూత లోపల దూరి రసం పీల్చేసేది. నేను పద్దెనిమిది సార్లు పిచికారీ చేశా. అందులో సగం "బయో" సీసాలే. మీద ఆకుల బొమ్మ, ఇంగ్లీషులో పెద్ద పేరు. రిజిస్ట్రేషన్ నంబరు లేదు, లోపల ఏముందో లేదు, బిల్లు అడిగితే "నమ్మకం మీద తీసుకుపో బాబాయ్" అన్నాడు. ఎకరాకి ఇరవై క్వింటాళ్ళు అనుకున్న తోట అయిదు ఇచ్చింది.

అసలు సీసా మీద ఆ లేబుల్ ఎట్లా వచ్చిందో తెలుసా? 1958లో కేరళలో గోధుమ పిండి మీద పురుగుమందు కారి, అది తిని వంద మందికి పైగా చచ్చిపోయారు. దాని మీద వేసిన విచారణల తర్వాత 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. పత్తి విత్తనం ప్యాకెట్ మొలవకపోతే లాట్ నంబరు పట్టుకొని వ్యవసాయాఫీసుకి పోతాం. నంబరు లేని ప్యాకెట్ కొంటే ఎవరి దగ్గరికి పోతాం? మిరప తోటకి ఇంత ఆలోచించే నేను బావ కంట్లో వేసే చుక్కలకి ఆలోచించలేదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాశానంటే, మొన్న అక్క వాళ్ళింటికి పోతే అలమరలో ఒక డబ్బా కనపడింది. షుగరు పూర్తిగా పోతుందంట, మూడు నెలలు వాడితే. 2,800 రూపాయలు, వీధిలో ఒకామె ఇచ్చిందంట. షుగరు నయం చేస్తామని ప్రకటన వేయటమే నేరమని 1954 నుంచి చట్టముంది. తిప్పి చూశా. ఆహార పదార్థం లైసెన్సు నంబరు ఒకటి ఉంది. అది తయారుచేసేవాడికి అనుమతి ఉందనే చెప్తుంది, షుగరు తగ్గుతుందని కాదు. డబ్బా మీదున్న ఫోన్ నంబరుకి చేసి, ఎంతమందికి ఇచ్చారు, ఎంతమందికి తగ్గింది, రాసి పెట్టారా అని అడిగా. "నమ్మకం ఉండాలి సార్" అన్నాడు. బిల్లు పంపమంటే ఫోన్ పెట్టేశాడు.

డాక్టరు ఇచ్చిన బిళ్ళలు మానేశావా అక్కా అని అడిగా. మానలేదురా, పక్కన ఇదీ వేసుకుంటున్నా అంది. ఆపు అందామని నోటిదాకా వచ్చింది. ఆ ఇంట్లో నిలబడి ఏది వాడాలో ఏది వద్దో చెప్పటానికి నాకు నోరు రాలేదు. మేనల్లుడు నా వంక చూసి, డబ్బా మీద బ్యాచ్ నంబరుని ఫోటో తీసుకున్నాడు. శనివారం ఆమెకి రక్తపరీక్ష ఉంది. ఇద్దరం కలిసి తీసుకుపోతున్నాం, ఆ డబ్బా కూడా సంచిలో పెట్టుకొని.