దొరికిన ఇనుము ఎవరిది? పాత లోహాల దొంగతనం, చట్టం చెప్పే మాట

పిల్లలూ, మీరు కూడా చదవండి. ఇందులో సగం మీ గురించే.

కొడల వీధుల్లోకి కబాడీ బండి వస్తే ఇంట్లో మూల పడున్న పాత బకెట్టు, విరిగిన ఫ్యాను, తుప్పు పట్టిన రేకులు బయటకొస్తాయి. మీ సామాను మీరు అమ్ముకుంటున్నారు, అందులో తప్పేమీ లేదు. చిక్కు ఎక్కడొస్తుందంటే, దారిలో కనబడిన ఇనప ముక్కో, రాగి తీగో పిల్లలు తీసుకెళ్లి తూకానికి వేసినప్పుడు. "దొరికింది సార్, దొంగతనం కాదు" అంటారు. ఆ మాట చట్టం దగ్గర అంత సులువుగా చెల్లదు.

ముందు మామూలు దొంగతనం సంగతి. 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. దాని 303వ సెక్షన్ ప్రకారం దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సామాను విలువ 5,000 రూపాయల లోపు ఉండి, నేరం రుజువవడం అదే మొదటిసారి అయి, వస్తువు గానీ దాని విలువ గానీ తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజ సేవ మాత్రమే. కొత్త చట్టంలో ఇది మంచి మార్పే. కానీ ఆ ధీమాతో ఉండకండి. అదే వస్తువు ప్రభుత్వానిదో, మన ఎన్‌ఏసీదో, పంచాయతీదో అయితే 305వ సెక్షన్ వర్తిస్తుంది, ఏడేళ్ల దాకా జైలు. చేతిపంపు హ్యాండిలు, కాలవ మీది ఇనప జాలీ, సర్కారు బడి గేటు, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. గుడిలో విగ్రహం ఎత్తుకెళ్లినా ఇదే సెక్షను.

నిజంగా రోడ్డు మీద దొరికిందే అనుకోండి. అప్పుడు 314వ సెక్షన్ ఉంది. వస్తువు ఎవరిదో తెలిసీ, లేదా కొంచెం వాకబు చేస్తే తెలిసే వీలుండీ, దాన్ని సొంతానికి వాడుకుంటే ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల దాకా జైలు, జరిమానా. దొరికిన వస్తువును జాగ్రత్త చేసి, సొంతదారుకి అప్పగించాలని తీసుకుంటే మాత్రం నేరం కాదు.

ఇప్పుడు రైలు పట్టాల దగ్గరికి వద్దాం. మన గంజాం జిల్లాలో రంభ, ఖల్లికోట, ఛత్రపురం, బరంపురం మీదుగా హౌరా–చెన్నై లైను వెళ్తుంది. పట్టాల పక్కన క్లిప్పులు, బోల్టులు, పాత ఇనప ముక్కలు పడి ఉంటాయి. అవి చూడ్డానికి పారేసినట్టే ఉంటాయి గానీ రైల్వే తన తుక్కును పారేయదు, వేలం వేసి అమ్ముకుంటుంది. 1966 నాటి రైల్వే ఆస్తి అక్రమ స్వాధీన చట్టం ప్రకారం, దొంగిలించిందని గట్టి అనుమానమున్న రైల్వే సామాను మీ దగ్గర దొరికితే, అది న్యాయంగా వచ్చిందని రుజువు చేసుకోవాల్సింది మీరే. మామూలు కేసుల్లో నేరం నిరూపించే భారం పోలీసులది, ఇక్కడ తిరగబడుతుంది. శిక్ష ఐదేళ్ల దాకా జైలు. ప్రత్యేక కారణం లేకపోతే మొదటిసారికే ఏడాదికి తగ్గదు. ఇక పట్టాను బిగించి ఉన్న క్లిప్పు ఊడదీయడం వేరే సంగతి. ప్రయాణికుల ప్రాణానికి ముప్పని తెలిసీ పట్టానో, దాన్ని పట్టి ఉంచే సామానో వదులు చేస్తే 1989 రైల్వే చట్టం 150వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా పడొచ్చు. ఒక క్లిప్పు తూకానికి ఎంతొస్తుందో మీరే లెక్కేసుకోండి.

కరెంటు తీగలు మనకి ఇంకా దగ్గరి విషయం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు జిల్లా అంతా స్తంభాలు, తీగలు నేలకూలాయి. 2018లో తిత్లీ వచ్చింది. అలా పడిపోయిన తీగ కూడా కరెంటు కంపెనీదే, ఇప్పుడైతే టీపీసోడల్‌ది. 2003 విద్యుత్ చట్టం 136వ సెక్షన్ ప్రకారం తీగలు, పరికరాలు తీసుకెళ్తే మూడేళ్ల దాకా జైలు. రెండోసారైతే ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ల దాకా. ఆ సామాను తెలిసీ కొన్నవాడికి 137వ సెక్షన్ ఉంది. జైలు మాట తర్వాత, పడిన తీగలో కరెంటు ఉందో లేదో చూస్తే తెలీదు. తుపాను పోయిన మర్నాడు పిల్లల్ని ఆ దరిదాపులకు పోనివ్వకండి.

కొన్నవాడి సంగతి కూడా చెప్పాలి. నా మటుకు నాకు అసలు తాళం అక్కడే ఉందనిపిస్తుంది. కొనేవాడు లేకపోతే తీగ కోసేవాడు ఉండడు. న్యాయ సంహిత 317వ సెక్షన్ దొంగ సొత్తని తెలిసీ, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండీ కొన్నవాడికి మూడేళ్ల దాకా వేస్తుంది. అదే అలవాటుగా చేసే వ్యాపారికి యావజ్జీవమో, పదేళ్ల దాకా జైలో. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని నేరానికి పురమాయిస్తే 95వ సెక్షన్, మూడేళ్లకు తగ్గదు, పదేళ్ల దాకా. "పట్రా బాబూ, నేను చూసుకుంటా" అనే పెద్దమనిషి గురించే ఇది.

అమ్మకాన్ని కాగితం మీదికి ఎక్కిస్తే దొంగ సొత్తు అమ్మడం కష్టమవుతుంది. తమిళనాడు 1985లోనే పాత సామాను వ్యాపారులకు లైసెన్సు చట్టం తెచ్చింది. బ్రిటన్‌లో 2013 చట్టం తుక్కుకి నగదు ఇవ్వడాన్ని నిషేధించి, అమ్మేవాడి పేరు, చిరునామా సరిచూడమంది. మన దేశంలో 2024 అక్టోబరు 10 నుంచి, జీఎస్టీ నమోదున్న వ్యాపారి నమోదు లేనివాళ్ల దగ్గర లోహపు తుక్కు కొంటే పన్ను ఆ కొన్నవాడే కట్టాలి. పన్ను కోసం పెట్టిన నియమమే అయినా, లెక్క రాయక తప్పదు. మీరు అమ్మినప్పుడు కూడా చీటీ అడగండి. పాత స్కూటరైతే ఆర్‌సీ రద్దు చేయించకుండా తుక్కుకి ఇవ్వకండి, రికార్డులో బండి మీ పేరునే ఉండిపోతుంది.

ఒకవేళ మీ పిల్లాణ్ణి పోలీసులు పట్టుకెళ్తే కంగారు పడకండి, దండించకండి, ముందు అక్కడికి వెళ్లండి. ఏడేళ్ల లోపు పిల్లలు ఏం చేసినా చట్టం నేరమనదు. పద్దెనిమిది నిండనివాళ్లను 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం లాకప్‌లో పెట్టకూడదు, తల్లిదండ్రులకు కబురు చేయాలి, 24 గంటల్లోగా బాలల న్యాయ బోర్డు ముందు హాజరుపరచాలి. పిల్లలకు వకీలు ఉచితం, న్యాయ సేవల సంస్థ నంబరు 15100.

మీ ఇంటి సామానే పోతే ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. 5,000 లోపు మామూలు దొంగతనమైతే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలెట్టలేరు, కాబట్టి బిల్లో, ఫొటోనో ఉంటే ఫిర్యాదుతో పాటు ఇవ్వండి. కంచు, ఇత్తడి పాత్రలకు ఇప్పుడే ఫొటోలు తీసి పెట్టుకోవడం మేలు. పడిన కరెంటు తీగ కనబడితే 1912, పట్టాల దగ్గర ఎవరైనా ఏదైనా ఊడదీస్తుంటే 139, పోలీసులకు 112.