చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం

డెబ్బై ఏళ్ళలో ఈ కొలువుకు ఎన్ని పేర్లు మారాయో లెక్కపెట్టడం మొదలుపెడితే వేళ్ళు చాలవు. మొదట ఆరోగ్య ప్రచారకుడు, ఆ తర్వాత ఆరోగ్య విద్యాధికారి. కొన్నాళ్ళకు జిల్లా వైద్యాధికారి ఆఫీసులో ‘ఐఈసీ’ (ఇన్ఫర్మేషన్, ఎడ్యుకేషన్, కమ్యూనికేషన్) అనే మూడక్షరాల బల్ల ఒకటి వెలిసింది. ఎయిడ్స్ కాలానికి అది ‘బీసీసీ’ (బిహేవియర్ చేంజ్ కమ్యూనికేషన్) అయింది. ముందు సోషల్ అనే ‘ఎస్’ చేరింది, చివర ‘సీ’ ఒకటి ఊడింది. ఇప్పుడు జెనీవాలోనో నైరోబీలోనో ఢిల్లీలోనో కూర్చునే ఆ ఉద్యోగి విజిటింగ్ కార్డు మీద ‘బిహేవియర్ చేంజ్ అడ్వైజర్’ అని ఉంటుంది. తెలుగు చేస్తే ప్రవర్తనా మార్పు సలహాదారు. ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మ ‘ఇంతకీ నీ ఉద్యోగమేంట్రా’ అంటే మాత్రం ‘జనం చేత చేతులు కడిగించడం’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం మేలు.

పేరు మారినప్పుడల్లా ఏదో ఒక నమ్మకం దెబ్బతింది. వాటన్నిటిలో మొండిది మొదటిదే: జనానికి తెలియదు, తెలిస్తే చేస్తారు. మేజిక్ లాంతరు బొమ్మల దగ్గర్నుంచి నేటి వాట్సాప్ వీడియోల దాకా సగం ఖర్చు ఈ నమ్మకం మీదే పెట్టాం.

దానికి తొలి గట్టి దెబ్బ పెరూలో తగిలింది. లాస్ మోలినోస్ అని రెండువందల గడపల ఊరు. నీళ్ళు కాచి తాగండమ్మా అని ఒక ఆరోగ్య కార్యకర్త రెండేళ్ళపాటు ఇల్లిల్లూ తిరిగింది. అంత తిరిగితే కొత్తగా కాచడం మొదలుపెట్టిన ఇల్లాళ్ళు 11 మంది. ఎందుకిలా అయిందని ఎడ్వర్డ్ వెల్లిన్ అనే మానవశాస్త్రవేత్త ఆరా తీశాడు. ఆయన రాసింది 1955లో అచ్చయింది. ఆ ఊళ్ళో తినే తాగే ప్రతిదానికీ ‘వేడి’ అనో ‘చలవ’ అనో గుణం ఉంది. కాచిన నీళ్ళు జబ్బుపడ్డవాళ్ళకు. నిక్షేపంలాంటి మనిషి కాచిన నీళ్ళు తాగడమేమిటి, అపశకునం కాకపోతే! ఈ సంగతి అమెరికా విద్యార్థులకు విప్పి చెప్పడానికి పేజీలు పట్టాయి గానీ, తెలుగు ఇంట్లో పెరిగినవాళ్ళకు ఒక్క వాక్యం చాలు. బొప్పాయి వేడి చేస్తుందని కడుపుతో ఉన్న కోడలికి దూరంగా పెట్టే అత్తగారికి లాస్ మోలినోస్ పక్క వీధే.

అదే రోజుల్లో అమెరికాలో క్షయ పరీక్షకు ఎక్స్‌రే వ్యాన్లు వీధి వీధికీ వచ్చి ఆగేవి. పైసా ఖర్చు లేదు, అయినా జనం రాలేదు. అక్కడి ప్రజారోగ్య శాఖలో పనిచేసే గాడ్‌ఫ్రీ హోక్‌బామ్, అర్విన్ రోజెన్‌స్టాక్ తదితరులు రానివాళ్ళను తిట్టడం మాని, వచ్చినవాళ్ళకు ఏమనిపించి వచ్చారో అడిగారు. నాకూ ఆ జబ్బు రావచ్చు, వస్తే ప్రమాదం, ముందే తెలిస్తే మేలు అనుకున్నవాళ్ళే ఎక్కువగా వచ్చారని తేలింది. ఈ వృత్తి తొలి సిద్ధాంతం అలా పుట్టింది.

మన దేశం ఇందులో వెనకబడి ఏమీ లేదు, కొన్నిచోట్ల ముందే ఉంది. 1952లోనే కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా పెట్టుకున్నాం. దాని గుర్తుగా ఎర్ర త్రికోణం గోడకెక్కింది, బుర్రకథ దళాలు ఊళ్ళకు వెళ్ళాయి. 1968లో నిరోధ్ కండోమ్ వచ్చింది. సర్కారు దవాఖానాలో అడిగి తీసుకోవడానికి సిగ్గుపడే మనిషి కోసం దాన్ని టీపొడి, సబ్బు, సిగరెట్ కంపెనీల సరఫరా బండ్లమీద కిరాణా కొట్టుకు చేర్చారు. ఒక్కోటి 5 పైసలు. 1971లో ఫిలిప్ కోట్లర్, జెరాల్డ్ జాల్ట్‌మన్ ‘సోషల్ మార్కెటింగ్’ అని వ్యాసం రాసి ఈ విద్యకు నామకరణం చేసేనాటికి మన కొట్లో ఆ సరుకు మూడేళ్ళుగా అమ్ముడవుతోంది.

ఆ తెలివంతా ఎమర్జెన్సీలో బూడిదలో పోసిన పన్నీరైంది. 1976–77 ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు, అందులో మగవాళ్ళవే ఎక్కువ. టార్గెట్లు పెట్టి, రేషన్‌తో ముడేసి, జీతాలు ఆపి, కొన్నిచోట్ల పోలీసుల్ని దించి చేయించారు. సంఖ్య వచ్చింది, నమ్మకం పోయింది. తర్వాత మగవాళ్ళ ఆపరేషన్ మాటెత్తడానికి ప్రభుత్వాలు చాలాకాలం జంకాయి, ఆ బరువు ఆడవాళ్ళ మీద పడింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి: ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు. మగవాళ్ళ లెక్క ఒక్క శాతం కూడా లేదు. ఎమర్జెన్సీ భయం ఒక్కటే కారణమని అనను గానీ, అదే సగం అని మాత్రం అనుకుంటాను.

ఈ చరిత్రలో నేను ఎక్కువసేపు ఆగేది బంగ్లాదేశ్ దగ్గర. 1971 యుద్ధంలో సరిహద్దుకు మనవైపున్న బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా విరుచుకుపడితే, సెలైన్ సీసాలు అయిపోయాక, దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టి తాగించాడు. నూటికి 30 దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి. సైన్సు సంగతి తేలింది. ఇక ఆ నీళ్ళు ఎక్కడో ఏటి ఒడ్డు గుడిసెలో, అర్ధరాత్రి, ఒక తల్లి చేతిలో తయారవ్వాలి.

ఆ పని ‘బ్రాక్’ అనే స్వచ్ఛంద సంస్థ, ఫజ్లే హసన్ ఆబెద్ నాయకత్వంలో, 1980లో ఎత్తుకుంది. పధ్నాలుగు మంది అమ్మాయిలు, ఒక వంటమనిషి, ఒక సూపర్‌వైజర్: అదీ ఒక దళం. నడుచుకుంటూ వెళ్ళి ఊరి పక్కన మకాం వేస్తారు. పొద్దున్నే తలా ఒక వైపు. గడపలో కూర్చుని చెప్పేసి లేచి రావడం కుదరదు, ఆ ఇంటి తల్లి చేతే చేయించాలి. మూడువేళ్ళతో పట్టిన చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అరసేరు నీళ్ళు. గిన్నె ఆమెదే, చెయ్యీ ఆమెదే. ఒకసారి ఉప్పు ఎక్కువ పడితే మళ్ళీ కలపాలి. చెప్పవలసిన మాటలు ఏడంటే ఏడు. కొన్నాళ్ళకు తనిఖీ మనిషి వచ్చి కొందరు తల్లుల్ని అడిగేవాడు. వాళ్ళకు ఎంత గుర్తుంటే ఆ అమ్మాయికి అంత కూలి. ఎన్ని ఇళ్ళు తిరిగావన్నది కాదు, ఎంత మిగిల్చి వచ్చావన్నదే లెక్క. ఇన్ని ప్రాజెక్టుల చరిత్రలో ఇంత నిజాయితీ గల జీతం పద్ధతి నాకు ఇంకోటి కనపడలేదు.

తల్లులకు పాఠం నోటికొచ్చింది. కానీ పిల్లాడికి విరేచనాలైనప్పుడు ఆ నీళ్ళు కలిపినవాళ్ళు బహు కొద్దిమంది. ఎందుకని కూపీ లాగితే రెండు సంగతులు బయటపడ్డాయి. మొగుళ్ళకూ మామలకూ ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇంట్లో మాట చెల్లేది వాళ్ళది, వాళ్ళేమో ఈ బెల్లం నీళ్ళేమిటని కొట్టిపారేస్తున్నారు. రెండోది ఇంకా ఇబ్బందికరం. ఇల్లిల్లూ తిరిగి నేర్పుతున్న అమ్మాయిల్లోనే చాలామందికి ఆ నీళ్ళ మీద గురి లేదు. తమకు కడుపు జారితే మాత్రలే మింగుతున్నారు. ఎదుటివాళ్ళు ఎందుకు వినడం లేదని వెతుకుతూ పోతే, తీగ లాగినకొద్దీ డొంక తమ ఇంట్లోనే కదిలింది.

అప్పుడు ఆ అమ్మాయిలను ఢాకాలో కలరా ఆసుపత్రికి పంపి కళ్ళారా చూపించారు. ఊళ్ళలో మగవాళ్ళకు సంతల్లో, మసీదుల దగ్గర విడిగా సభలు పెట్టారు. పదేళ్ళలో కోటీ ఇరవై లక్షల ఇళ్ళు. ఆ చిటికె కొలత నేర్చిన తల్లులు దాన్ని కూతుళ్ళకు అప్పజెప్పారు.

ఎయిడ్స్ వచ్చాక ఈ వృత్తి ఒక్కసారిగా ఊరేగింది. డబ్బు వచ్చింది, విమానాలెక్కింది, ‘అడ్వైజర్’ అనే హోదా వచ్చింది. థాయ్‌లాండ్ 1991లో వేశ్యాగృహాల్లో నూటికి నూరు పాళ్ళు కండోమ్ అని రూలు పెట్టి, దానికి పూచీ అమ్మాయిల మీద కాక యజమానుల మీద వేసింది. మరుసటి ఏడాది కోల్‌కతా సోనాగాఛీలో స్మరజిత్ జానా అనే డాక్టరు కండోమ్ పాఠంతో మొదలుపెట్టి, అక్కడి ఆడవాళ్ళకు పోలీసుల బెడద, వడ్డీల బెడద, పిల్లల చదువు అంతకన్నా పెద్ద సమస్యలని గ్రహించాడు. వాళ్ళకు సంఘం వచ్చింది, సొంత పొదుపు సహకార సంఘమూ వచ్చింది. విటుడికి కాదని చెప్పే బలం అక్కణ్ణుంచి వచ్చింది. మన కోస్తా జిల్లాల్లో తర్వాత నడిచిన ప్రాజెక్టులు ఆ దారే పట్టాయి.

పోలియోదీ ఇదే వరస. 2002లో దేశంలో 1,600 కేసులు, ఎక్కువ భాగం ఉత్తరప్రదేశ్‌వి. మురుగు కాలువ లేదు, డాక్టరు లేడు, ఈ రెండు చుక్కలు పట్టుకుని మాత్రం మాటిమాటికీ వస్తారెందుకని అక్కడి జనం తలుపులు మూశారు. అది అజ్ఞానం కాదు, న్యాయమైన ప్రశ్న. ఇమాములూ అక్కడి ఆడవాళ్ళే కార్యకర్తలై తిరిగాక, చుక్కలతోపాటు పారిశుధ్యం, విరేచనాల మందు మాటా ఎత్తాక తలుపులు తెరుచుకున్నాయి. ఆఖరి కేసు 2011 జనవరి 13న, హౌరాలో.

చేతులు కడిగే సంగతికి మన చిత్తూరు జిల్లా వెళ్ళాలి. 2011లో అక్కడి 14 పల్లెల్లో వాలెరీ కర్టిస్ అనే లండన్ శాస్త్రవేత్త బృందం, బెంగళూరువాళ్ళతో కలిసి, ‘సూపర్‌అమ్మ’ అని ఒక ప్రయోగం చేసింది. క్రిములు, విరేచనాలు, రోగాలు అనే మాటే లేదు. కొడుక్కి మంచీ మర్యాదా నేర్పే తల్లి ఒకరు, చూస్తేనే కడుపులో తిప్పే చేతులతో లడ్డూలు చుట్టే లడ్డూ లింగం ఒకడు. నవ్వూ రోతా, అంతే సరంజామా. మొదట్లో కడగవలసిన సమయాల్లో సబ్బు ముట్టింది నూటికి ఒకటి రెండుసార్లు. ఆరు నెలలకు ప్రచారం జరిగిన పల్లెల్లో 37 శాతం, జరగనిచోట 6. ఆపైన మిగతా పల్లెల్లోనూ కుదించిన కార్యక్రమం చేశారు, ఏడాదికి రెండుచోట్లా 29.

ఈ లెక్కను కూడా కొంచెం తగ్గించుకునే చదవాలి. ఇంట్లో ఎవరో పలక పట్టుకుని కూర్చుంటే ఎవరైనా చేతులు కడుగుతారు. బంగ్లాదేశ్‌లో సబ్బు బిళ్ళలోనే కదలికను పసిగట్టే పరికరం పెట్టి చూస్తే, పరిశీలకులు వచ్చిన రోజు సబ్బు మూడోవంతుకు పైగా ఎక్కువ కదిలింది. అయినా ఒకటి నుంచి 29 చిన్న సంగతి కాదు. మా ఇంట్లో ‘కాళ్ళు కడుక్కుని లోపలికి రా’ అనే నాయనమ్మ ఏ రోజూ క్రిమి పేరెత్తలేదు. కడగకుండా వస్తే ఆవిడ చూసే చూపు చాలేది.

ఈ శతాబ్దం మొదట్లో ఈ రంగంలోకి ఆర్థికవేత్తలూ దిగారు. ఉదయ్‌పూర్ పల్లెల్లో టీకా శిబిరానికి వస్తే కిలో పప్పు, అన్నీ వేయిస్తే స్టీలు పళ్ళేలు అన్నారు. పూర్తిగా టీకాలు వేయించుకున్న పిల్లలు 6 శాతం నుంచి 38కి చేరారు. పప్పు లేకుండా శిబిరాలు క్రమం తప్పకుండా నడిపినచోట 17. బద్ధకం మీద పప్పు పనిచేస్తుంది, భయం మీద చేయదు. 2014లో ఎబోలా వచ్చినప్పుడు పశ్చిమాఫ్రికాలో శవాలను ప్లాస్టిక్ సంచుల్లో మూటగట్టి తీసుకుపోతుంటే ఊళ్ళు ఎదురు తిరిగాయి. గినీలోని వొమేలో ప్రచారానికి వెళ్ళిన బృందంలో ఎనిమిది మందిని చంపేశారు. చచ్చినవాడి మొహం చూసుకుని ప్రార్థన చేసుకోనివ్వాలని, కొన్నిచోట్ల నల్ల సంచికి బదులు తెల్ల సంచి వాడాలని నిపుణులకు తెలియడానికి నెలలు పట్టింది. 11,300 మంది పోయారు.

2025లో అమెరికా తన సహాయ సంస్థ యూఎస్ఎయిడ్‌ను మూసేసింది. ఈ కొలువుల్లో చాలావాటికి జీతం అక్కణ్ణుంచే వచ్చేది. ఎందరో అడ్వైజర్లు ఒక్క ఈమెయిల్‌తో ఇంటికొచ్చారు.

మన దగ్గర మాత్రం కొత్త పని ఎదురుచూస్తోంది. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న పాత నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తేసింది. ఇంకొంచెం కనండని పెద్దలు సభల్లో చెబుతున్నారు. ఒకప్పుడు ఎర్ర త్రికోణం గీసిన గోడల మీద రేపు ఏం రాయాలో తేల్చడానికి మళ్ళీ ఒక సలహాదారును పిలుస్తారు. అతను తట్టబోయే మొదటి తలుపు వెనక పాతికేళ్ళు నిండకముందే, రెండో కాన్పుతోపాటే, సర్కారు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుని వచ్చిన ఇల్లాలు ఉంటుంది.