తొడుగు ఊడిన హ్యాంగర్

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి శాన్‌హోసే వైపు 101 రోడ్డు మీద వెళ్తుంటే, మౌంటెన్ వ్యూ దాటేచోట ఎడమచేతి వైపు ఒక కట్టడం కనిపిస్తుంది. కనిపించకుండా ఉండటం దానికి చేతకాదు. 1,133 అడుగుల పొడవు, 308 అడుగుల వెడల్పు, 198 అడుగుల ఎత్తు. లోపలి నేలే 8 ఎకరాలు. పేరు హ్యాంగర్ వన్. ఆ దారిలో రోజూ ఆఫీసులకు పోయే తెలుగువాళ్లు, శనాదివారాల్లో సన్నీవేల్ గుడికి పోయే కుటుంబాలు, అందరూ దాన్ని చూస్తూనే ఉన్నారు. అయితే 2012 తర్వాత ఎన్నో ఏళ్లపాటు వాళ్లకు కనిపించింది కట్టడం కాదు, దాని ఎముకలు. తుపాను వెళ్లిపోయిన మర్నాడు తాటాకంతా లేచిపోయి వాసాలు మాత్రం మిగిలిన ఇల్లు ఎలా ఉంటుందో అలా నిలబడింది. అక్కడికి ఏ తుపానూ రాలేదు. మనుషులే పైకెక్కి, ఒక్కొక్క రేకూ విప్పి, మూటగట్టి పట్టుకుపోయారు.

దాన్ని ఏ రోగం ఆ స్థితికి తెచ్చిందో చెప్పాలంటే గాలి ఓడల కాలానికి వెళ్లాలి.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన పదేళ్లకు, సముద్రాలు దాటే వాహనం ఎయిర్‌షిప్పే అని పెద్దపెద్ద దేశాలు నమ్మాయి. విమానం చిన్నది, దూరం పోలేదు. గాలి ఓడ అయితే రోజుల తరబడి ఆకాశంలో ఉంటుంది. బ్రిటిష్‌వాళ్లు ఆర్101 అనే ఓడను ఇండియాకు నడపాలనుకున్నారు. అది వచ్చి ఆగడానికి కరాచీలో ఒక మహా ఉక్కు షెడ్డు కట్టి సిద్ధంగా ఉంచారు. 1930 అక్టోబరు 4న ఇంగ్లండులో బయల్దేరిన ఆర్101 మర్నాడు తెల్లవారకముందే ఫ్రాన్సులో బోవే దగ్గర కూలి మండిపోయింది. 54 మందిలో 48 మంది పోయారు. కరాచీ షెడ్డు ఏ ఓడ కోసం లేచిందో ఆ ఓడను ఒక్కసారీ చూడలేదు. ‘కాలా ఛప్రా’ అని పిలిచేవారట దాన్ని. ఇప్పుడు అదీ లేదు.

అమెరికా నౌకాదళానికి ఈ కబురు హెచ్చరికగా తోచలేదు. వాళ్ల ఓడల్లో నింపేది మండే హైడ్రోజన్ కాదు, మండని హీలియం. పసిఫిక్ తీరాన ఒక గాలి ఓడల స్థావరం కావాలనుకున్నారు. శాన్‌డియాగో పోటీకి వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టుపక్కల జనం చందాలు పోగుచేసి, సుమారు వెయ్యి ఎకరాలు కొని, ప్రభుత్వానికి ఒక్క డాలరుకు రాసిచ్చారు. ఆర్థికమాంద్యం రోజులవి. ఊరికి నాలుగు ఉద్యోగాలు వస్తాయంటే భూమి ధారపోయడానికి జనం వెనకాడలేదు.

హ్యాంగర్ రూపం జెప్పెలిన్ కంపెనీ నుంచి అమెరికా వచ్చిన ఇంజనీరు కార్ల్ ఆర్న్‌స్టైన్‌ది. అంతకు ముందే, 1929లో, ఒహాయోలోని ఏక్రన్‌లో ఇలాంటిదే ఒకటి కట్టించాడాయన. అక్కడ ఉక్కు కమానుల పాదాల కింద రోలర్లు పెట్టారు. ఎండకు అంత పెద్ద ఇనుము సాగితే కాస్త జరగనివ్వాలి, లేకపోతే తనను తానే చీల్చుకుంటుంది. హ్యాంగర్ వన్‌కు రెండు చివరలా నారింజ తొక్క ఆకారంలో తలుపులు చేశారు. గాలి సుడి తిరిగి ఓడను గోడకేసి కొట్టకుండా ఉండటానికే ఆ గుండ్రదనం. ఒక్కొక్క రెక్క బరువు వందల టన్నులు. 150 హార్స్‌పవర్ మోటార్లు పట్టాల మీద వాటిని లాగేవి.

ఇంత ఉక్కును ఉప్పుగాలిలో నిలబెట్టారు. పక్కనే అఖాతం, ఉప్పు కుంటలు, తెల్లవారితే పొగమంచు. ఇక్కడ ఎవరికైనా వచ్చే ప్రశ్న ఒక్కటే: తుప్పు సంగతేమిటి?

రేకుల షెడ్డు వేయించుకున్న ఎవరిని అడిగినా చెబుతారు, దూలం పోదు, రేకు పోతుంది. ఆ రేకు కూడా నడిమధ్యన పోదు. మేకు కొట్టిన చోట, రెండు రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కిన అతుకులో, చూరు కింద నీరు నిలిచే అంచున మొదలవుతుంది. విశాఖలో సముద్రానికి ఎదురుగా ఇల్లున్నవాళ్లు కిటికీ గ్రిల్లు ఎన్నిసార్లు గీకించి రెడాక్సైడ్ కొట్టించారో గుర్తు చేసుకోండి. 198 అడుగుల ఎత్తున, ఎనిమిది ఎకరాల నేల మీద లేచిన కట్టడానికి అదే పని ఎవరు చేస్తారు? ఎన్నేళ్లకోసారి చేస్తారు? నిచ్చెన ఎంతది కావాలి?

దానికి 1930ల నాటి జవాబు రాబర్ట్‌సన్ ప్రొటెక్టెడ్ మెటల్. పిట్స్‌బర్గ్‌లోని హెచ్.హెచ్.రాబర్ట్‌సన్ కంపెనీ తయారుచేసిన రేకు అది. నడుమ ఉక్కు రేకు, దాని మీద తారు, తారు మీద ఆస్‌బెస్టాస్ పొర, పైన నీరు చొరనివ్వని పూత. తడి ఉక్కును తాకదు, ఉక్కు తుప్పు పట్టదు, మాటిమాటికీ రంగు వేయించే బాధ ఉండదు. ఆ పూతలో పీసీబీలనే రసాయనాలు కూడా చేరాయి. అమెరికాలో వాటి తయారీ 1929లోనే మొదలైంది. నిప్పుకు కాలవు, ఆమ్లానికి కరగవు, ఏళ్లు గడిచినా పాడవవు. కట్టడం కట్టేవాడికి ఇంతకంటే ఏం కావాలి! ఇప్పుడు మనకు తెలిసిన సంగతులతో ఆనాటి ఇంజనీర్లను తప్పుపట్టడం తేలిక. వాళ్లు వెతికింది మన్నిక, వాళ్లకు దొరికిందీ మన్నికే. ఆ హ్యాంగర్‌లో అన్నిటికంటే మన్నికైనది ఉక్కు కాదు, రేకు కాదు, ఆ పూతలోని విషం. ఆ లెక్క తేలడానికి అరవై ఏళ్లకు పైగా పట్టింది.

1933 ఏప్రిల్ ఈ కథలో అతి కఠినమైన నెల. 4వ తేదీన ఏక్రన్ అనే గాలి ఓడ న్యూజెర్సీ తీరంలో తుపానులో చిక్కి సముద్రంలో పడింది. 76 మందిలో 73 మంది చనిపోయారు. ఓడలో లైఫ్ జాకెట్లు లేవు. గాలి ఓడల కోసం నౌకాదళంలో పోరాడిన రియర్ అడ్మిరల్ విలియం మోఫెట్ కూడా వాళ్లలో ఉన్నాడు. ఎనిమిది రోజులకు, 12న, హ్యాంగర్ వన్ ఉన్న సన్నీవేల్ స్థావరం ప్రారంభమైంది. 21న ఏక్రన్ తోబుట్టువు మేకన్ తొలిసారి గాల్లోకి లేచింది. స్థావరానికి చనిపోయిన అడ్మిరల్ పేరే పెట్టి మోఫెట్ ఫీల్డ్ అన్నారు.

మేకన్ 785 అడుగుల ఓడ. కడుపులో చిన్న యుద్ధ విమానాలను మోసుకుపోయేది, గాల్లోనే కొక్కెం తగిలించి దించేది, ఎక్కించుకునేది. 1933 అక్టోబరులో సన్నీవేల్ చేరి హ్యాంగర్‌లో ప్రవేశించింది. ఆ చీకటి గర్భంలోకి ఓడ మెల్లగా చొరబడుతుంటే చూసినవాళ్లకు ఇక ఆ రెండూ విడిపోవనే అనిపించి ఉంటుంది.

మరుసటి ఏప్రిల్‌లో టెక్సస్ కొండల మీదుగా పోతూ మేకన్ గాలిపోట్లకు దెబ్బతింది. తోక రెక్కలు ఓడ ఒంటికి అతుక్కునే చోట దూలాలు విరిగాయి. అప్పటికప్పుడు కట్లు కట్టి గండం గట్టెక్కించారు. బలపరిచే పని మొత్తం ఒక్కసారిగా చేయాలంటే ఓడను కొన్నాళ్లు నేల మీద ఉంచాలి. నౌకాదళ విన్యాసాలు ముందున్నాయి, ఓడ కావాలి. అందుకని వీలున్నప్పుడల్లా కొంచెం కొంచెంగా చేద్దామన్నారు. పై రెక్క పని మాత్రం మిగిలిపోయింది. దాన్ని బాగుచేయడానికి కావలసినంత చోటు, నీడ, మనుషులు, అన్నీ ఆ హ్యాంగర్‌లోనే ఉన్నాయి. లేనిది తీరిక.

1935 ఫిబ్రవరి 12న విన్యాసాలు ముగించుకుని ఇంటికి వస్తుండగా పాయింట్ సర్ దగ్గర ఒక గాలిపోటు తగిలింది. మిగిలిపోయిన ఆ పై రెక్కే ఊడింది. దాని తునకలు వెనకటి గ్యాసు సంచులను చీల్చాయి. తోక కుంగుతోందని బరువు పారబోస్తే ఓడ అవసరానికి మించి పైకి లేచింది. అంత ఎత్తున హీలియం తనంతట తానే బయటికి పోయింది. ఇక మోయడానికి మిగిలిందేమీ లేదు. తోక ముందుగా నెమ్మదిగా నీటి మీద వాలింది. ఈసారి లైఫ్ జాకెట్లు, తెప్పలు ఉన్నాయి. ఇద్దరే చనిపోయారు. ఓడ నడిపించిన హర్బర్ట్ వైలీ, ఏక్రన్ నుంచి బతికి బయటపడ్డ ముగ్గురిలో ఒకడు.

పదహారు నెలలు. హ్యాంగర్ వన్ ఏ ఓడ కోసం పుట్టిందో ఆ ఓడకు నీడనిచ్చింది అంతే కాలం.

ఆ తర్వాత దానికి ఒక్క యజమానీ పూర్తిగా పట్టలేదు. కొన్నాళ్లు ఆర్మీ చేతిలో ఉంది. 1942లో నౌకాదళం తిరిగొచ్చి తీరం మీద కాపలా తిరిగే చిన్న బ్లింప్‌లను పెట్టింది. యుద్ధకాలంలో ఉక్కు కరువై, పక్కనే మరో రెండు హ్యాంగర్లు కర్రతో లేపారు. తర్వాత జలాంతర్గాములను వెతికే పీ-3 ఓరియన్ విమానాల కాలం. ఇంత పెద్ద కప్పు కింద ఎన్ని విమానాలు పెట్టినా పైన ఖాళీయే ఎక్కువ. 1994లో స్థావరం మూతపడి నాసా చేతికొచ్చింది. చరిత్రాత్మక కట్టడాల జాతీయ జాబితాలో చేరిందీ ఆ ఏడే. గౌరవం, వైరాగ్యం ఒకే ఏడాది.

1997లో ఆ ప్రాంతపు వాననీరు చేరే కుంటలో పీసీబీలు బయటపడ్డాయి. ఎక్కణ్నుంచి వస్తున్నాయో కనిపెట్టడానికి మరికొన్నేళ్లు పట్టింది. చివరికి జాడ హ్యాంగర్ గోడ దగ్గర తేలింది. ఏళ్ల ఎండకూ తడికీ పూత పెళుసెక్కి పెచ్చులూడుతోంది. వాన పడ్డప్పుడల్లా ఆ పొడి కాలవలోకి, కాలవ కుంటలోకి, కుంట అఖాతం అంచున పక్షులు మేసే చిత్తడిలోకి. పీసీబీల తయారీని అమెరికా 1979లోనే నిషేధించింది. నిషేధం కాగితానికి తెలుసు, గోడకు తెలియదు. పూతలో ఆస్‌బెస్టాస్ ఉంది, పైన వేసిన రంగుల్లో సీసం ఉంది.

హ్యాంగర్ తలుపులు జనానికి మూసేశారు. 2003లో తాత్కాలికంగా రేకుల మీద తారు పూత పట్టించారు. పాత తారు మోసం చేసిన చోట కొత్త తారు! 2006లో నౌకాదళం అసలు మాట బయటపెట్టింది, కూలగొట్టేద్దామని. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, పాత నావికులు, ఇంజనీర్లు సమావేశాలకు వచ్చి అడ్డం పడ్డారు. కూలగొట్టడం ఆగింది. కానీ 2008లో వచ్చిన తీర్పు అంతకంటే విచిత్రం: విషపు తొడుగు తీసేస్తాం, ఎముకలు ఉంచుతాం, కొత్త తొడుగు మా బాధ్యత కాదు. విషం పెట్టినవాడిగా విషం తీసేవరకే నౌకాదళం వంతు. కొత్త తొడుగుకు నాసా దగ్గర డబ్బు లేదు. ఒకే ప్రభుత్వంలో రెండు శాఖలు ఆ లెక్క దగ్గర ఆగిపోయాయి.

2011 వసంతంలో రేకులు విప్పడం మొదలైంది. పైనుంచి కిందికి, వరసవరసగా. ఉక్కు వరకు చూస్తే ఇంజనీర్లకు గర్వమే. దాదాపు ఎనభై ఏళ్ల తర్వాత కూడా కమానులు తిన్నగా నిలిచే ఉన్నాయి. తొడుగు పోయిన దూలాల మీది పాత రంగు కూడా విషమే కనుక దాన్ని ఎపాక్సీ పూతతో మూశారు. ఆ పూతా కలకాలం నిలవలేదు. 2022లో మళ్లీ పని మొదలుపెట్టి, పాత రంగు గీకి, శుభ్రం చేసి, కొత్త తొడుగుకు దారి చేయాల్సి వచ్చింది. ఏక్రన్‌లోని అన్న కట్టడానికీ ఇవే రేకులు, ఇదే రోగం. దానికి మాత్రం ఈ దిగంబరత్వం తప్పింది.

డబ్బు చివరికి ఎక్కణ్నుంచి వచ్చిందంటే, ఇరుగుపొరుగు నుంచే. 2014లో గూగుల్ అనుబంధ సంస్థ ప్లానెటరీ వెంచర్స్ ఎయిర్‌ఫీల్డును, మూడు హ్యాంగర్లను, ఒక గోల్ఫ్ మైదానంతో సహా నాసా దగ్గర లీజుకు తీసుకుంది. 60 ఏళ్లకు 116 కోట్ల డాలర్లు. హ్యాంగర్ వన్‌ను బాగుచేసే పూచీ కూడా ఒప్పందంలో ఉంది. ఏటా 63 లక్షల డాలర్ల నిర్వహణ ఖర్చు తమకు తగ్గుతుందని నాసా తన ప్రకటనలో ప్రత్యేకంగా రాసుకుంది. ఆ లీజు 2074 దాకా. అప్పటికి కొత్త తొడుగుకు దాదాపు యాభై ఏళ్లు నిండుతాయి. పాత తొడుగు గుట్టు బయటపడింది అరవై దాటాక.