ఎస్14 (ఈత విభాగం)

ఎస్14 మేధో వైకల్యం గల ఈతగాళ్ల పారాలింపిక్ పోటీ విభాగం. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో దీని సంకేతం ఎస్‌బీ14, మెడ్లీలో ఎస్‌ఎం14. ప్రజ్ఞాలబ్ధి 75కు మించకపోవడం, దైనందిన వ్యవహారాల్లో గణనీయమైన పరిమితి, ఎదిగే వయసులోనే ఆ లోపం ఏర్పడటం ఇందుకు అర్హతలు.

2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టులోని 12 మందిలో 10 మందికి ఏ వైకల్యమూ లేదని తేలడంతో మేధో వైకల్య క్రీడాకారులందరూ 2004, 2008 పోటీలకు దూరమయ్యారు. ఈ విభాగం 2012 లండన్‌లో తిరిగి వచ్చింది. అక్కడ ఐర్లాండ్ తరఫున 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ గెలిచిన బెథనీ ఫర్త్, 2016 రియోలో బ్రిటన్ తరఫున 3 స్వర్ణాలు సాధించింది. శరీరం దృఢంగా ఉన్నవారికి వేరే విభాగం ఎందుకన్నది తరచూ వినిపించే అభ్యంతరం. అయితే ఈతలో వేగం కండబలం ఒక్కదానితో రాదు. ఆరంభ సంకేతానికి స్పందన, దూరాన్ని బట్టి శక్తిని పంచుకోవడం, మలుపును అంచనా వేయడం కూడా అవసరం. మేధో వైకల్యం దెబ్బతీసేది వీటినే. మోసానికి అవకాశం ఉందన్న వాదన పటిష్ఠమైన ధ్రువీకరణను కోరుతుందే తప్ప బహిష్కరణను సమర్థించదు.