పెట్టె కొనేముందు కాస్త చరిత్ర

మల్టీ ఎఫెక్ట్సా, ఆంప్ మోడలరా? గిటారు పట్టిన ప్రతివాడికీ ఎప్పుడోకప్పుడు వచ్చే సందేహమే. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ, పుట్టిన కారణాలు వేరండీ.

డిలే, కోరస్, రివర్బ్... ఒక్కోదానికి ఒక్కో పెడల్ మోసే బాధ తప్పించడానికి వచ్చింది మల్టీ ఎఫెక్ట్స్. 1988 నాటి బాస్ ఎంఈ-5 అలాంటిదే. అసలు గొంతు మాత్రం ఆంప్‌దే.

మోడలర్ సంగతి వేరు. వాల్వు ఆంప్‌కి సౌండు బాగా పెంచితేగానీ ఆ కమ్మని గరగర రాదు. పెంచితే పక్కింటివాళ్ళు ఊరుకోరు! 1998లో లైన్ 6 వారి పాడ్ ఆ ఆంప్‌నే లెక్కలతో అనుకరించి హెడ్‌ఫోన్స్‌లోకి తెచ్చింది. మన సాఫ్ట్‌వేరోళ్ళ భాషలో ఎమ్యులేటర్ అన్నమాట. 2006లో యాక్స్-ఎఫ్ఎక్స్, 2015లో హీలిక్స్ అదే దారిలో వచ్చాయి. ఇప్పుడైతే చాలా పెట్టెల్లో రెండూ కలిసే ఉంటున్నాయి.

ఇదంతా తెలీక నేను, ఆంప్ లేకుండానే, నాలుగు నెలలు దాచిన డబ్బుతో పాత మల్టీ ఎఫెక్ట్స్ ఒకటి కొన్నా. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే కందిరీగల మోత! గిటారు ఏడాదిపాటు మూలపడింది.

అందుకే పేరు చూసి కాదు, మీ అవసరం చూసి కొనండి. మంచి ఆంప్ ఉందా, మల్టీ ఎఫెక్ట్స్ చాలు. అపార్ట్‌మెంట్లో అర్ధరాత్రి వాయిస్తారా, మోడలరే. ఏమంటారు?