నెదర్లాండ్స్ గాలిమరలు: రెక్కలు ఆగిన తీరే ఒక సందేశం.. ఫొటో తీసే ముందు ఇవి తెలుసుకోండి

నెదర్లాండ్స్ అనగానే గుర్తొచ్చేవి తులిప్ పూలు, గాలిమరలు. ఆ దేశంలో దాదాపు పావు వంతు నేల సముద్ర మట్టం కన్నా కిందే ఉంటుంది. అక్కడ చేరే నీటిని ఎప్పటికప్పుడు ఎత్తిపోయకపోతే పొలాలు, ఊళ్లు మునిగిపోతాయి. శతాబ్దాల పాటు ఆ పని చేసింది ఈ గాలిమరలే.

ఎక్కడ చూడాలి?

రోటర్‌డ్యామ్‌కు దగ్గర్లోని కిండర్‌డైక్‌లో ఒకేచోట 19 గాలిమరలు ఉన్నాయి. వీటిలో 8 ఇటుకతో కట్టిన గుండ్రటి మరలు, 1738 నాటివి. మరో 8 గడ్డి కప్పిన ఎనిమిది పలకల మరలు, 1740 నాటివి. 1997లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. రోటర్‌డ్యామ్ నుంచి వాటర్‌బస్‌లో వెళ్లొచ్చు. ఆమ్‌స్టర్‌డ్యామ్ దగ్గర ఉండేవాళ్లకు జాన్సె స్కాన్స్ అనుకూలం. అక్కడి 'డె కాట్' మరలో రంగుల పొడి ఇప్పటికీ నూరుతున్నారు.

రెక్కల భాష

తిరగని మరను చూసి పాడైందనుకోవద్దు. రెక్కలు నిలువుగా, అడ్డంగా కూడిక గుర్తులా ఉంటే కాసేపటి విరామం. గుణకారం గుర్తులా ఉంటే ఎక్కువ రోజుల విరామం. పై రెక్క నిట్టనిలువుకు కాస్త ముందే ఆగితే శుభకార్యం, కాస్త దాటి ఆగితే సంతాపం. 2014లో ఎంహెచ్17 విమాన ప్రమాద మృతుల కోసం చాలాచోట్ల రెక్కలను ఇలా సంతాప సూచకంగానే నిలిపారు.

ఫొటోకు ఏది మంచి సమయం?

మర తల భాగాన్ని గాలి వచ్చే వైపు తిప్పుతారు. అక్కడ ఎక్కువగా వీచేది నైరుతి గాలి. అలాంటి రోజున సాయంత్రపు ఎండ సూటిగా రెక్కల మీదే పడుతుంది. గాలి లేని తెల్లవారుజామున కాలువ నీటిలో ప్రతిబింబం బాగా వస్తుంది. రెక్కలు తిరుగుతున్నట్టు కనిపించాలంటే ఫోన్ ప్రో మోడ్‌లో షట్టర్ స్పీడ్ 1/15 పెట్టి, స్టాండ్ వాడాలి. ఆగినట్టు కావాలంటే 1/500 చాలు.

జాగ్రత్త!

కొన్ని మరల రెక్కలు దాదాపు నేలను తాకుతూ తిరుగుతాయి. చూడ్డానికి మెల్లగా తిరుగుతున్నట్టే ఉన్నా, చివర్లలో వేగం చాలా ఎక్కువ. తగిలితే ప్రాణాలకే ముప్పు. సెల్ఫీ కోసం కంచె దాటొద్దు. కిండర్‌డైక్ మరల్లో ఇప్పటికీ కుటుంబాలు కాపురం ఉంటున్నాయి కాబట్టి, కిటికీల్లోకి కెమెరా పెట్టడం మర్యాద కాదు. డ్రోన్ ఎగరేయాలంటే ముందుగా నిబంధనలు చూసుకోవాలి.

ఎప్పుడు వెళ్లాలి?

ఏటా మే రెండో వారాంతంలో జాతీయ గాలిమరల దినోత్సవం జరుగుతుంది. ఆ రెండు రోజులు దేశమంతటా వందల మరలు తలుపులు తెరుస్తాయి. మర నడిపేవారిలో చాలామంది జీతం తీసుకోని స్వచ్ఛంద కార్యకర్తలే. వారి పనితనాన్ని 2017లో యునెస్కో గుర్తించింది. ఒకప్పుడు దాదాపు పది వేల మరలు ఉండేవి. ఇప్పుడు మిగిలినవి సుమారు వెయ్యి. తిప్పే చేయి లేకపోతే అవీ బొమ్మల్లా నిలబడిపోతాయి. అందుకే తలుపు తెరిచి ఉన్న మర కనిపిస్తే, ఫొటోతో సరిపెట్టకుండా లోపలికి వెళ్లి నడిపేవారిని పలకరించండి.